మసి పడుతోంది, గేరు మాత్రం మెత్తగానే ఉంది

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపు ఉంది. పిట్ ఫర్నేస్‌లో (గుంటలా ఉండే కొలిమి) 920 డిగ్రీల దగ్గర మెథనాల్ డ్రిప్, కొంచెం ఎల్పీజీతో లారీ గేర్లు, పిన్నులు కార్బురైజ్ చేస్తాం, అంటే గట్టిపడేందుకు ఉక్కు పైపొరకి కార్బన్ ఎక్కిస్తాం. నెల క్రితం కంట్రోలర్ మార్చాం. అప్పటి నుంచి మీటరు మీద కార్బన్ 0.85 శాతమే ఉంటోంది కానీ జాబ్‌ల మీద మసి పేరుకుంటోంది. రాక్‌వెల్ సి కొలతలో 60 రావాల్సిన హార్డ్‌నెస్ 52 దగ్గర ఆగిపోతోంది. మెత్తగా ఉంది కాబట్టి గ్యాస్ పెంచమంటాడు మా ఆపరేటర్. పెంచమంటారా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే గ్యాస్ ముట్టుకోకండి. మసి, మెత్తదనం రెండూ కలిసి వచ్చాయంటే నాకు ముందుగా కార్బన్ ఎక్కువైందనే అనుమానం వస్తుంది. కార్బన్ మరీ ఎక్కువైతే క్వెంచ్‌లో (వేడి ఉక్కుని ఒక్కసారిగా చల్లార్చడం) ఉక్కు మొత్తం గట్టి రూపంలోకి మారదు, ఆస్టెనైట్ అనే మెత్తటి రూపం కొంత అలాగే మిగిలిపోతుంది, ఆకురాయి పెడితే దిగుతుంది, చూసినవాళ్లు కార్బన్ చాలలేదనుకుని ఇంకా గ్యాస్ ఇస్తారు. క్వెంచ్ అయిన రోజే ఒక పిన్నును డ్రై ఐస్ ముక్కల మధ్య గంటసేపు ఉంచి (చేతికి గ్లవ్స్ ఉండాలి, గదిలో గాలి ఆడాలి) మళ్లీ హార్డ్‌నెస్ చూడండి. నాలుగైదు పాయింట్లు పెరిగితే నా అనుమానం నిజమే. పెరగకపోతే గాలో నీళ్లో లోపలికి వస్తున్నాయేమో వెతకాలి.

ఇక ఆ 0.85 సంగతి. ఫర్నేస్‌లోకి దూర్చిన ప్రోబ్ (కొలిచే కడ్డీ) కొలిచేది ఆక్సిజన్‌ని. దాన్నిబట్టి కార్బన్ లెక్క కట్టేది కంట్రోలర్, ఆ లెక్కలో ఫర్నేస్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ 20 శాతం ఉందని చాలా కంట్రోలర్లు ముందే అనుకుంటాయి. నైట్రోజన్ కలపకుండా మెథనాల్ ఒక్కటే వేస్తే అది 33 శాతం దగ్గర ఉంటుంది. కొత్త కంట్రోలర్‌లో ఈ సెట్టింగ్ మార్చకుండా వదిలేస్తే, మీటరు 0.85 అంటున్నప్పుడు లోపల కార్బన్ అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. మొదట చూడాల్సింది ఇదే.

మీటరు మాట నమ్మకుండా రేకు పరీక్ష చేయండి. 0.1 మిల్లీమీటరు మందం ఉన్న తక్కువ కార్బన్ ఉక్కు రేకును శుభ్రంగా తుడిచి, తూచి, ఫర్నేస్‌లో అరగంట ఉంచి, గాలి తగలకుండా చల్లార్చి మళ్లీ తూచాలి. మిల్లీగ్రాము దాకా చూపించే తూకం కావాలి, బంగారం షాపుల్లో వాడే మంచి రకం చాలు. 1000 మిల్లీగ్రాముల రేకు 1008 అయితే, పెరిగిన బరువు కార్బనే కాబట్టి, రేకులో ముందే ఉన్న 0.08 శాతం కూడా కలిపి కార్బన్ సుమారు 0.87 శాతం. కంట్రోలర్‌ని దీనికి సరిపెట్టుకోండి, నెలకోసారైనా చేయండి.

ప్రోబ్‌కి రిఫరెన్స్ గాలి (పోల్చి చూసుకోవడానికి దాని లోపలికి పంపే మామూలు గాలి) ఎక్కణ్నుంచి ఇస్తున్నారు? షాపు కంప్రెసర్ లైన్ అయితే నూనె వస్తుంది, తీసేసి చిన్న అక్వేరియం పంపు పెట్టండి. ఆ గాలి ప్రోబ్ లోపల లీకై ఫర్నేస్ వైపుకి వెళ్తే మీటరు కార్బన్ తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ తనంతట తానే గ్యాస్ కుమ్మరిస్తుంది, ఫలితం మళ్లీ మసే.

మూత సీలు, ఫ్యాను షాఫ్ట్ సీలు కూడా చూడండి. ఫ్యానుని చల్లార్చే జాకెట్‌కి బోరు నీళ్లు వాడుతుంటే లోపల గార కట్టి జాకెట్ వేడెక్కి పగులుతుంది, ఆ నీటి చుక్క ఫర్నేస్‌లో పడితే ఆవిరైపోయి జాబ్ పైపొరలో కార్బన్ తినేస్తుంది. జాబ్‌లు కడిగాక బాగా ఆరబెట్టకుండా ఫర్నేస్‌లో పెట్టినా ఇదే నష్టం.

పేరుకున్న మసిని కాల్చేయాలంటే ముందు డ్రిప్, గ్యాస్ కట్టేసి నైట్రోజన్‌తో ఫర్నేస్ మొత్తం పర్జ్ చేయాలి (లోపలి గ్యాస్‌ని బయటికి తోసేయాలి), ఆ తర్వాతే 850 డిగ్రీల దగ్గర గాలి కొద్దికొద్దిగా వదలాలి. మసి మండుతుంటే వేడి తనంతట పెరుగుతుంది, మీటరు దగ్గర మనిషి ఉండాలి. కాల్చాక మొదటి కొద్ది గంటలు ఫర్నేస్ గోడలే కార్బన్ పీల్చుకుంటాయి కాబట్టి ఖాళీగా నడిపి, రేకు సరిగ్గా వచ్చాకే గేర్లు పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పోయి వేడి 760 డిగ్రీల కిందికి దిగుతుంటే మండే గ్యాస్ లోపల ఉండకూడదు. పేలుతుంది. ఆ గ్యాస్‌ని బయటికి తోసేందుకు నైట్రోజన్ సిలిండర్లు ఎప్పుడూ నిండుగా ఉంచి, ఆ వాల్వు ఎక్కడుందో రాత్రి షిఫ్టు కుర్రాడికి కూడా చూపించండి.