బందరు వెళ్తున్న మనవరాలికి

నకిరేకల్

చి. మానసకు తాత ఆశీస్సులు.

వచ్చే నెల బందరు చూడబోతున్నానని రాశావు. చాలా సంతోషం. మన ఊరి పక్కనుంచి పోయే హైవే పుణెలో మొదలై ఆ బందరులోనే ముగుస్తుంది. గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం అదే. పారసీక గుర్రాలు అటునుంచి వచ్చినా, నూలుబట్టలు ఇటునుంచి పోయినా, మన నల్గొండ నేల మీదుగానే నడిచాయి. కాబట్టి పరాయి ఊరికి వెళ్తున్నాననుకోకు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నేరుగా మంగినపూడి పోయి, సముద్రస్నానం చేసి, సాయంత్రమే బస్సెక్కాను. ఊరు చూడలేదన్న బాధ ఏళ్ళ తరబడి ఉండిపోయింది. నువ్వు సముద్రాన్ని చివరికి ఉంచుకో.

ముందు పేటల్లో నడువు. అక్కడ గొప్ప కట్టడాలు ఎక్కువగా మిగల్లేదు, పేర్లు మిగిలాయి. వలందపాలెం 1605 ప్రాంతంలో వచ్చిన డచ్చివారిది, వాళ్ళను మనవాళ్ళు వలందులన్నారు. ఇంగ్లీషుపాలెం 1611లో దిగినవారిది. పరాసుపేట ఫ్రెంచివారిది. బందరు అన్న మాటే పారసీకం, రేవు అని అర్థం. కనిపించిన పెద్దవారిని ఆపి, మర్యాదగా అడుగు, సంతోషంగా చెబుతారు. డచ్చి సమాధులకు ఎండ ముదరకముందే వెళ్ళు. ఏటవాలు వెలుతురులోనే రాతి చెక్కడాలు బాగా తెలుస్తాయి.

అంత పెద్ద రేవు ఎలా తగ్గిపోయిందని నీకు తోస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే పడవల్లో సరుకు మోయాలి. దానికి తోడు 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి దాదాపు 30,000 మందిని తీసుకుపోయింది. ఆ పేటల్లో నడిచేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకో. ఇప్పుడు మళ్ళీ కొత్త ఓడరేవు కడుతున్నారు.

దగ్గర్లోని అద్దకపు బట్టల ఊరు పెడనకు మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించు. నా మాట విని దీన్ని తగ్గించకు. మన పోచంపల్లిలో నూలుకు ముందే రంగు వేసి నేస్తారు, అక్కడ నేసిన బట్టకు అద్దుతారు. బట్టను కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టి, టేకు అచ్చులతో వేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెడితే నలుపు. పటిక అద్దినచోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ తరువాత పారే కాలువ నీటిలో ఉతుకుతారు. తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయలు కొనడానికి వలందులకు ఈ తీరపు బట్టలే కావాల్సి వచ్చాయి. ఊరికే వచ్చి కూర్చోలేదు వాళ్ళు! కొనేటప్పుడు తొందరపడకు. అచ్చుల అంచులు అక్కడక్కడ కాస్త తప్పినట్టుంటే చేతిపని అని నమ్మవచ్చు. మరీ ఒక్కతీరుగా ఉంటే స్క్రీన్ ప్రింటేమో అడిగి తెలుసుకో. చెప్పిన ధర మీద గట్టిగా బేరమాడకు, ఆ పనిలో ఎన్ని రోజులున్నాయో నీ కళ్ళతో చూసి ఉంటావు కదా.

నాయనమ్మకు కిలో తొక్కుడు లడ్డు, నాకు ఎరుపు నలుపు అద్దకపు దుప్పటి ఒకటి తీసుకురా. వచ్చాక ఏ పేటలో ఎవరేం చెప్పారో కూర్చుని వింటాను.

మీ తాత