సమాధానం: సంస్మరణ ఏ రోజు పెట్టాలి?

టీచర్ గారూ, నమస్తే. గుంటూరులో మీ బడి పిల్లలతో వ్యోమగాముల సంస్మరణ పెడదామంటే తేదీలు కలగాపులగం అవుతున్నాయన్నారు కదా. అమెరికా అంతరిక్ష నౌకల ప్రమాదాలు మూడూ వారం లోపే వస్తాయి: అపోలో 1 అగ్నిప్రమాదం 1967 జనవరి 27, ఛాలెంజర్ షటిల్ 1986 జనవరి 28, కొలంబియా షటిల్ 2003 ఫిబ్రవరి 1. అందరికీ కలిపి ఫిబ్రవరి 1నే పెట్టండి, ఆదివారం పడితే ముందురోజు. కల్పనా చావ్లా గారిని పోగొట్టుకున్నది ఆ రోజే. మీ పోస్టరులో ఆవిడ పేరు ఛాలెంజర్ కింద పడింది, ముందు అది మార్చండి.

కారణం వివరించడానికి ఛాలెంజర్ తీసుకోండి. ప్రయోగ సమయానికి ఫ్లోరిడాలో చలి సుమారు 2 డిగ్రీలు. బూస్టరు (షటిల్‌ను పైకి నెట్టే పక్క రాకెట్టు) అతుకులోని రబ్బరు రింగు ఆ చలికి బిగుసుకుపోయి సందు పూడ్చలేదు, మండే వాయువు బయటికి తన్నింది. 73 సెకన్లకే షటిల్ ముక్కలైంది. మన ఎండల్లో పెరిగిన పిల్లలకు ఆ చలి ఊహకందదు, గ్లాసుడు ఐసునీళ్లలో వేళ్లు ముంచమనండి. ఆ ప్రమాద విచారణ సంఘంలోని భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కనే బిగించి ఐసునీళ్లలో వేసి, తీశాక అది వెంటనే పొంగలేదని అందరి ముందూ చూపించారు.

సోవియట్ వాళ్లను వదలకండి, దయచేసి: 1967లో పోయిన వ్యోమగామి కొమరోవ్, 1971లో సోయుజ్ 11 నౌకలో పోయిన ముగ్గురు. మొత్తం 21 పేర్లు, పిల్లలకు తలా ఒకటి ఇచ్చి చదివించండి. మన శ్రీహరికోట నుంచి 2002లో వెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కే తర్వాత కల్పన-1 అని పేరు పెట్టారు, అదీ చెప్పండి.