గొలుసు తాకట్టు పెట్టి లినక్స్ నేర్చుకోవాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, వరంగల్‌లో ఒక దుకాణంలో నెలకు 15,000 రూపాయల జీతానికి బిల్లింగ్ పని చేస్తున్నాను. ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో నాలుగు నెలల లినక్స్ అడ్మిన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్ల నిర్వహణ) కోర్సులో చేరాలనుంది. ఫీజు 30,000, జీఎస్టీ అదనం. అమ్మ తన గొలుసు తాకట్టు పెడతానంటోంది. ల్యాప్‌టాప్ ఉంది కదా, సొంతంగా నేర్చుకోమని స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీరు 30,000 అని రాశారు గానీ, మీకయ్యే ఖర్చు అది కాదు. 18 శాతం జీఎస్టీతో ఫీజే 35,400. హాస్టల్, భోజనం నెలకు 7,000 అనుకుంటే నాలుగు నెలలకు 28,000. అన్నాళ్లూ రాని జీతం 60,000. కోర్సు ముగిసిన మర్నాడే ఉద్యోగం దొరకదు. వెతుకులాటకు మూడు నెలలు వేసుకుంటే హాస్టల్, జీతం కలిపి మరో 66,000. మొత్తం 1,89,400 రూపాయలు. అందులో సగానికి పైగా, అంటే 1,05,000, మీరు చేజేతులా వదులుకునే జీతమే. కాబట్టి క్లాసా, సొంతమా అన్నది తర్వాత తేల్చుకుందాం. ఉద్యోగం మాత్రం ఇప్పుడు మానకండి. గొలుసు జోలికి అసలు వెళ్లకండి.

మీరు ఎంచుకున్న విద్యలో ఒక సదుపాయం ఉంది: సాధనకు కావలసిన సరంజామా అంతా ఉచితం. కంపెనీలకు లినక్స్ అమ్మే రెడ్‌హ్యాట్ సంస్థ ఇచ్చే డెవలపర్ సభ్యత్వానికి డబ్బు కట్టనక్కరలేదు, దానితో 16 యంత్రాల దాకా నడుపుకోవచ్చు. రెడ్‌హ్యాట్ లినక్స్‌ను పోలిన రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ కూడా ఉచితమే. ల్యాప్‌టాప్ లోపలే వర్చువల్ కంప్యూటర్లను నడిపే వర్చువల్‌బాక్స్‌లో అలాంటి రెండు యంత్రాలు పెట్టుకుని, ఒకదాన్ని కావాలనే పాడు చేయండి. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో డిస్కు పేరు ఒక్క అక్షరం తప్పు రాసి రీబూట్ చేయండి. యంత్రం పూర్తిగా లేవదు, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది. క్లాసులో అయితే మాస్టారు వచ్చి రెండు నిమిషాల్లో సరిచేస్తారు. ఇంట్లో మీరు రెండు సాయంత్రాలు తంటాలు పడతారు. రేపు మీకు జీతమిచ్చేది ఆ తంటాలు పడగలిగినందుకే.

అయితే సొంత చదువుకూ ఖర్చుంది, అది కాలం. చాలామంది వీడియోలు మారుస్తూ ఏడాది గడిపేస్తారు. అందుకని మీకు మీరే 90 రోజుల గడువు పెట్టుకోండి. రోజూ గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు. ఆ మొదటి నెల నుంచే 4,000తో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. తొమ్మిది నెలల్లో 36,000, క్లాసు ఫీజుకు సరిపడా, అప్పు లేకుండా చేతికొస్తుంది. 90 రోజుల తర్వాత కూడా యూజర్లు, అనుమతులు, ఎల్‌వీఎం (డిస్కు స్థలాన్ని పంచుకునే పద్ధతి) దగ్గరే ఆగిపోతుంటే మీకు గురువు అవసరమన్న మాట. అందులో చిన్నతనమేమీ లేదు. కొందరికి గడియారం చూసి కూర్చోబెట్టే గది కావాలి. అప్పుడు, డిపాజిట్ డబ్బు చేతికొచ్చాక, వారాంతపు బ్యాచ్‌లోనో ఆన్‌లైన్‌లోనో చేరండి.

లినక్స్ అడ్మిన్లకు రెడ్‌హ్యాట్ సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకు క్లాసు హాజరు తప్పనిసరి కాదు. ప్రశ్నలకు టిక్కులు పెట్టే పరీక్ష కాదది, యంత్రం మీద పని చేసి చూపాలి. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది కనుక, దరఖాస్తులు మొదలుపెట్టే ముందు రాయండి.

శిక్షణ కేంద్రంవారు వడ్డీ లేని వాయిదాలంటే జాగ్రత్త. చాలాసార్లు అది ఒక ఫైనాన్స్ సంస్థ మీ పేరు మీద ఇచ్చే అప్పు. మీరు కోర్సు మధ్యలో మానేసినా, కేంద్రం మూతపడినా వాయిదాలు మీ మెడకే చుట్టుకుంటాయి, క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. లేని అనుభవానికి పత్రం ఇప్పిస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కంపెనీ విచారణలో అది బయటపడితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది.

డెమో క్లాసుకు వెళ్లినప్పుడు రెండే అడగండి: ల్యాబ్‌లో ఒక్కొక్కరికీ రూట్ అధికారంతో సొంత యంత్రం ఇస్తారా? మొదటి రెండు వారాల్లో మానేస్తే ఫీజులో ఎంత తిరిగిస్తారు? రెండో జవాబు కాగితం మీద రాసివ్వమనండి.