అరవకుండా పని చేయించడం ఎలా?

ప్రశ్న: డాలస్ వచ్చి ఏడాది కూడా కాలేదు. ఈమధ్యే టీమ్ లీడ్‌ని చేశారు. హైదరాబాద్‌లో గట్టిగా ఒక మాటంటే పని అయిపోయేది. ఇక్కడ గొంతు కాస్త లేచిందంటే అందరూ సైలెంట్ అయిపోతున్నారు, పని మాత్రం కదలడం లేదు. ఏం చేయను?

జవాబు: హైదరాబాద్‌లో కూడా జనం కదిలింది మీ గొంతు విని కాదేమో, చాలావరకు అప్రైజల్ రేటింగ్, అంటే పనితీరుకి ఇచ్చే మార్కుల భయంతో. ఇక్కడ చాలా టీముల్లో ఆ రేటింగ్ లీడ్ చేతిలో ఉండదు, మేనేజర్ దగ్గరుంటుంది. కాబట్టి మాటతోనే నెట్టుకురావాలి.

పని ఎలా అడుగుతున్నారో చూసుకోండి. "టెస్టింగ్ త్వరగా అయిపోవాలి గయ్స్" అంటే ఎవరికీ చెప్పనట్టే. ఎవరూ కదలరు, మీకు టెన్షన్, గొంతు దానంతటదే లేస్తుంది. దానికి బదులు ఒకరిని పేరు పెట్టి పిలిచి, "లాగిన్ టెస్టింగ్ గురువారం మధ్యాహ్నానికి కావాలి, శుక్రవారం క్లయింట్‌కి చూపించాలి. అడ్డేమైనా ఉందా?" అని ఆపేయండి. ఈ ఆపడమే కష్టం. రెండు క్షణాలు ఎవరూ పలక్కపోతే మనవాళ్లకి ఊపిరాడదు, మళ్లీ మనమే అందుకుని వివరణ మొదలుపెడతాం. ఆన్‌లైన్ మీటింగ్‌లో అవతలివాళ్లు మ్యూట్ తీయడానికే కాస్త టైమ్ పడుతుంది. మనసులో ఐదు లెక్కపెట్టండి. వాక్యం చివర గొంతు దించండి, పైకి లేపితే పర్మిషన్ అడుగుతున్నట్టు వినిపిస్తుంది.

రోజూ అందరికీ "గుడ్ జాబ్" పంచిపెట్టకండి. "నిన్న మీరు ఆ లాగ్స్ చూడబట్టి రిలీజ్ ఆగలేదు" అని నలుగురిలో చెబితే ఆ మనిషికి గుర్తుండిపోతుంది. తప్పుంటే విడిగా పిలిచి చెప్పండి.

ప్రాక్టీస్ కావాలంటే, నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో చేరండి. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలైన సంస్థ, చాలా ఆఫీసుల్లోనే క్లబ్బులున్నాయి. మొదటి ప్రసంగం 4 నుంచి 6 నిమిషాలు. మీరు ఎన్నిసార్లు "ఆఁ", "యాక్చువల్లీ" అన్నారో లెక్కపెట్టడానికే ఒక మనిషి కూర్చుంటారు! మొదట్లో నామోషీగా ఉంటుంది, పర్వాలేదు.

ఇంకో సంగతి. పగలు అమెరికన్ల ముందు పిల్లిలా ఉండి, రాత్రి ఎనిమిదిన్నర కాల్‌లో హైదరాబాద్ టీమ్ మీద పులైపోయే లీడ్‌లు చాలామంది ఉన్నారు. అక్కడప్పుడు పొద్దున ఏడో ఎనిమిదో, పిల్లల్ని స్కూల్ బస్సెక్కిస్తూ వింటుంటారు పాపం. వాళ్లకీ ఇలాగే పేరు, గడువు, కారణం చెప్పండి. ఆ కాల్ రికార్డ్ అవుతుంటే మీ అరుపులు హెచ్‌ఆర్ దాకా వెళ్లొచ్చు కూడా.