రెండో పెట్టె జోలికి పోకు

చిట్టితల్లీ,

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. మీ నాన్న మోకాలి సంగతి, పక్కింటివాళ్ళ బోరు సంగతి అన్నీ అయ్యాక అసలు కబురు చివర్న బయటపెట్టింది. "నీ మేనకోడలు ఎవరింట్లోనో పాత సామాను అమ్ముతుంటే రెండు స్పీకర్ పెట్టెలు కొనుక్కొచ్చిందట అన్నయ్యా. భోజనాల బల్ల మీద పెట్టి విప్పుతుందట, కండెన్సర్లు మారుస్తుందట. పిల్లాడు తిరిగే ఇల్లు. నువ్వు చెబితే వింటుంది, వద్దని చెప్పు" అంది. సరే చెబుతాలే అన్నాను. ఫోన్ పెట్టేసి నవ్వుకుంటూ కూర్చుంటే మీ అత్తయ్య "లాటరీ ఏమైనా తగిలిందా" అని అడిగింది. తగిలినట్టే అన్నాను. నాకున్న ఇద్దరు మగపిల్లలూ ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసే రకం.

వద్దని చెప్పను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఏఆర్-3ఏ. అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీది, 1967లో వచ్చిన మోడలు. మీ బోస్టన్ నుంచి చార్లెస్ నది దాటితే కేంబ్రిడ్జి, ఆ కంపెనీ పుట్టింది అక్కడే. నలభై ఏళ్ళు కొట్టు నడిపి కూడా వాటిని పత్రికల్లో బొమ్మగా చూడటమే గానీ చేత్తో ముట్టుకోలేదు. ఎడ్గార్ విల్చర్ అనే ఆయన పెట్టెను గాలి చొరకుండా మూసేసి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. అంత చిన్న పెట్టెలోంచి అంత లోతు బాసు రావడానికి కిటుకు అదే. కాబట్టి మళ్ళీ బిగించేటప్పుడు ఊఫరు, అంటే లావు స్వరాలు పలికే పెద్ద స్పీకరు, దాని అంచు చుట్టూ వెంట్రుకంత సందు మిగిలినా నీ కష్టమంతా దాంట్లోంచే పోతుంది. అంచు కింద నల్లటి మెత్తని ముద్దలాంటిది ఉంటే బాగుందో ఎండిపోయిందో చూడు. ఎండితే కొత్తది వెయ్యి.

ఆంప్లిఫయర్ తీగలు ఊడదీశాకే పని మొదలుపెట్టు. ఏ తీగ ఎక్కడిదో ఫోటో తీసుకో, కాగితం మీద కూడా గీసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

ఇక చెప్పాల్సినవి. ఒక్కో పెట్టె 24 కిలోల దాకా ఉంటుంది. ఒక్కదానివే ఎత్తకు, మీ ఆయన్ని పిలువు. ఊఫరు తీయగానే లోపల దూదిలాంటిది కూరి ఉంటుంది. అది దూది కాదు, గాజు పీచు. చేతికి తగిలితే రెండు రోజులు దురద, ఊపిరితో లోపలికి పోతే దగ్గు. మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకుని తియ్యి. తీసింది తీసినట్టు ప్లాస్టిక్ సంచిలో మూట కట్టు, చివర్లో అదంతా తిరిగి లోపలికే వెళ్ళాలి. ఈ పని మాత్రం భోజనాల బల్ల మీద చేయకు. గరాజులో చెయ్యి, పిల్లాడు నిద్రపోయాక చెయ్యి. కాదు, రాత్రిపూట అసలు వద్దు. రాత్రి వద్దని ఎందుకన్నానో కిందకి వస్తే తెలుస్తుంది.

స్క్రూడ్రైవరు ఊఫరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు రెండో చెయ్యి కోను మీద అడ్డం పెట్టుకో. వెనకున్న అయస్కాంతం దాన్ని చేతిలోంచి లాక్కుని కోనులోకి గుచ్చేస్తుంది. మన కొట్లో అలా చిరిగిన కోనులు ఎన్నో నాకు తెలుసు. నీకూ తెలుసు, ఎనిమిదేళ్ళప్పుడు నువ్వే ఒకటి చింపి, బెంచీ కింద దాక్కున్నావు.

సరే, కండెన్సర్లు. వాటి మీద చెయ్యి వేసేముందు పెట్టె వెనకాల ఉన్న రెండు నాబులూ తిప్పి చూడు. ఒకటి మధ్య స్వరాల స్పీకరుకి, ఒకటి సన్న స్వరాలు పలికే ట్వీటరుకి. ఈ మోడలుకి పేరుమోసిన జబ్బు అక్కడే ఉంది. లోపల తుప్పు, చిలుము పట్టి, సగం తిరిగేసరికి శబ్దం ఊడిపోతుంది. చాలామంది అది కండెన్సరు పాపమనుకుంటారు. తిప్పుతుంటే గరగరమన్నా, ఒకచోట పలికి ఒకచోట ఆగినా ముందు ఆ నాబుల సంగతి చూడు.

కండెన్సరు పని ట్వీటరు గుమ్మం దగ్గర కాపలా. సన్న స్వరాలను లోపలికి వదిలి లావు స్వరాలను బయటే ఆపుతుంది. ఆపకపోతే ముప్పావు అంగుళం డోము ఎంతసేపు బతుకుతుంది? నీ పెట్టెలో ఊఫరుకీ మధ్యదానికీ స్వరాల పంపకం 575 హెర్ట్జ్ దగ్గర, మధ్యదానికీ ట్వీటరుకీ 5000 దగ్గర. కండెన్సర్లేమో ట్వీటరుకి 6 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు), మధ్యదానికి 50, ఊఫరుకి 150. యాభై ఏళ్ళ నాటివి కాబట్టి లోపలి తడి ఆరి ఉంటుంది. విలువ పక్కకి జరుగుతుంది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. మార్చడం న్యాయమే. కానీ మీ అమ్మతో "అప్‌గ్రేడ్ చేస్తున్నా" అన్నావట. ఆ మాట దగ్గరే నా నిద్ర ఎగిరిపోయింది.

నా సంగతొకటి చెబుతాను. మీ అత్తయ్యకి కూడా సగమే తెలుసు.

1986, ఆషాఢం. సత్యనారాయణపురంలో రిటైరైన లెక్చరర్ గారొకాయన ఉండేవారు. ఇంగ్లండులో చదువుకుని వస్తూ ఓడలో రెండు స్పీకర్ పెట్టెలు తెచ్చుకున్నారు. ఊఫరూ ట్వీటరూ, అంతే, చిన్న పెట్టెలు. అందులో ఎడమది మసకబారింది. రిక్షాలో రెండూ వేసుకొచ్చి, నా బెంచీ మీద పెట్టి, "ఈ ఎడమదొక్కటే చూడు బాబూ. రెండోది కలిపి వినడానికి తెచ్చాను, దాని జోలికి పోకు" అన్నారు. అంత తెలుగులో చెప్పారు.

నాకప్పుడు ముప్పై ఒకటి. గవర్నరుపేటలో కొట్టు పెట్టి నాలుగేళ్ళు. ఏ రేడియో తెచ్చినా పలికించేవాణ్ణి. ఎడమ పెట్టె విప్పితే ట్వీటరు దారిలో 4 ఎంఎఫ్‌డీ ఎన్‌పీ కండెన్సరు, అంటే ప్లస్ మైనస్ తేడా లేనిది, పక్కన చిన్న కాయిలు. కండెన్సరు పోయింది. ఆ రకం విజయవాడలో దొరకదు, మద్రాసు రిచీ స్ట్రీటుకి మనిషిని పంపాలి, వారం పడుతుంది. వారం ఆగడానికి నాకేమిటి ఖర్మ? సొరుగులో ఫ్యాను కండెన్సర్లున్నాయి, రెండున్నరవి. రెండు పక్కపక్కన కలిపితే ఐదు. నాలుక్కీ ఐదుకీ ఏం తేడా అనుకున్నాను. పైగా ఇవి 440 వోల్టులవి, గట్టి సరుకు. వేసి వింటే ట్వీటరు తళతళలాడింది. కుడి పెట్టె దాని పక్కన ముసలమ్మలా అనిపించింది. అప్పటికి రాత్రి పదకొండు. వాన. కొట్టు షట్టరు సగం దించుకుని, వద్దన్న రెండో పెట్టె కూడా విప్పేశాను. ఆయనకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను తల్లీ, ఒట్టు. పీకిన పాత కండెన్సర్లు కింద పడేశాను. పొద్దున్నే కుర్రాడు ఊడ్చేశాడు.

మర్నాడు నేనే ఆయనింటికి తీసుకెళ్ళి బిగించాను. ఆయన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ రికార్డు పెట్టారు. నేను మెచ్చుకుంటారని నిలబడ్డాను. ఒక వైపంతా కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక లేచి వాల్యూమ్ తగ్గించి, "కమాను మరీ పైకొచ్చింది బాబూ. వెనకాల చెక్క ఏదీ?" అన్నారు. నాకు అర్థం కాలేదు. కాసేపాగి అడిగారు, "నువ్వు రెండోది కూడా విప్పావా?"

విప్పానన్నాను.

"పాతవి ఉన్నాయా?"

లేవన్నాను.

ఏమీ అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. అరవై రూపాయలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు. నేను తీసుకున్నాను కూడా.

ఆ తర్వాత మద్రాసు నుంచి 4 ఎంఎఫ్‌డీవి తెప్పించి, డబ్బు అడక్కుండా రెండింట్లోనూ వేశాను. మళ్ళీ అదే రికార్డు. "ఎలా ఉందండీ" అంటే చాలాసేపు ఆలోచించి "ఇదేనేమో" అన్నారు. ఆయనకి గుర్తు లేదు. నాకసలే తెలియదు. ముందు ఎలా పలికేదో చెప్పే సాక్షి ఒక్కటంటే ఒక్కటి ఉండేది. కలిపి వినమని ఆయన స్వయంగా రిక్షాలో మోసుకొచ్చిన కుడి పెట్టె అది. దాన్ని నా చేత్తో నేనే లేకుండా చేశాను. రోడ్డు మీద ఎదురైతే ఆయన పలకరించేవారు గానీ మళ్ళీ ఎప్పుడూ ఏ వస్తువూ బాగుచేయమని తేలేదు.

ఏం జరిగిందో నాకు చాలా ఏళ్ళకి గానీ తలకెక్కలేదు. 8 ఓమ్‌ల మీద 4 ఎంఎఫ్‌డీ అంటే, ఒట్టి కండెన్సరు లెక్కకి, సుమారు 5000 హెర్ట్జ్ దగ్గర గేటు. 5 వేస్తే ఆ గేటు 4000కి దిగుతుంది. వెయ్యి హెర్ట్జ్ బరువు అదనంగా ఆ చిన్న ట్వీటరు నెత్తిన పెట్టాను. అది సగం తప్పు. పాత ఎలక్ట్రోలిటిక్, అంటే లోపల తడి ఉండే రకం కండెన్సరులో, అర ఓమో, ఓమో దొంగ రెసిస్టెన్స్ ఉంటుంది. పెట్టె గీసినవాడు దాన్ని కూడా లెక్కలో కలుపుకునే ట్వీటరు గొంతు కుదురుస్తాడు. ఫ్యాను కండెన్సరులో అది దాదాపు సున్నా. విలువ సరిగ్గా నాలుగే వేసినా నా ట్వీటరు కాస్త గొంతు పెంచేదే. కొత్త వస్తువు మంచిదవడమే అక్కడ తప్పైంది.

అందుకని నీకు చెప్పేది వినవే. ఒక్క పెట్టే విప్పు. రెండోది మూల పెట్టి దాని మీద దుప్పటి కప్పెయ్యి. మొదటిది పూర్తయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి, ఆంప్లిఫయరు మోనోలో పెట్టి, బ్యాలెన్స్ నాబు అటూ ఇటూ తిప్పుతూ విను. ఒక్కరోజు కాదు, వారం. కొత్తది బాగుందని మొదటి రాత్రి అనిపిస్తే నమ్మకు. మొదటి రాత్రి నాకూ అలాగే అనిపించింది. అప్పటికే రెండిటికీ తేడా ఉంటే అదీ రాసుకో. పాతవి కదా, కవలలు కూడా యాభై ఏళ్ళకి ఒకేలా ఉండరు.

పీకిన ప్రతి కండెన్సరుకీ చీటీ కట్టి డబ్బాలో దాచు. ఒక కాలు విడదీశాకే మీటరు పెట్టు, బోర్డులో ఉండగా కొలిస్తే పక్కవాటి లెక్క కూడా కలుస్తుంది. 50 అని రాసినది 57 చూపిస్తే కంగారుపడకు, పాతవి పైకి జరగడం మామూలే. నువ్వు వేయాల్సింది మీటరు చూపించింది కాదు, దాని మీద అచ్చు వేసిన అంకె. 6కి పాలీప్రొపిలీన్ ఫిల్ము కండెన్సరు వెయ్యి, ఐదు శాతం తేడాది చాలు. వేశాక ట్వీటరు కొట్టొచ్చినట్టు వినిపిస్తే దానికి వరుసలో అర ఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్ళీ విను. 150కి ఫిల్ము కొంటే డబ్బాలంత ఉంటుంది, ధర ఇంకా పెద్దది. కొత్త ఎన్‌పీ ఎలక్ట్రోలిటిక్ వేస్తే శుభ్రంగా పనిచేస్తుంది. 50 నీ ఇష్టం, చోటును బట్టి. ప్లస్ మైనస్ గుర్తున్న మామూలు ఫిల్టర్ కండెన్సరు మాత్రం ఎక్కడా వేయకు. వెండి రేకులవి, నూనెలో నానేసినవి అని ఒక్కోటి వందల డాలర్లకి అమ్ముతారు. ఆ డబ్బుతో పిల్లాడికి వయొలిన్ కొను.

బిగించాక ఆంప్లిఫయరుకి కలిపేముందు పెట్టె వెనక టెర్మినల్స్ మీద మీటరు పెట్టు. రెండు మూడు ఓమ్‌లు చూపిస్తే సరే. సున్నా చూపిస్తే ఎక్కడో తీగ తీగకి తగిలింది, మళ్ళీ విప్పు. విసుగొస్తే ఆపెయ్యి, మర్నాడు చెయ్యి. చేతులు వణికే పని రాత్రి చేసి పొద్దున్న బాధపడేవాళ్ళు మనింట్లో ఒక్కరు చాలు.

నా పాత 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ గుర్తుందా, నీ బొటనవేలు మీద మచ్చ పెట్టింది? ఆ రోజు ఏడవలేదు నువ్వు. వేలు నీళ్ళ గ్లాసులో పెట్టుకుని "మామయ్యా, టంకం మెరుస్తూ రావాలి కదా, నాది మసగ్గా ఎందుకొచ్చింది" అని అడిగావు. దాన్ని నీకు పంపిద్దామని బయటికి తీశాను. మీ దగ్గర కరెంటు 120 వోల్టులే, దాంతో అది టంకం కరిగేంత వేడెక్కదని తర్వాత గుర్తొచ్చింది. మీ అత్తయ్య ఆవకాయ పంపుతోంది. నీకు అది చాలు.

ఇంకొకటి. ట్వీటరు ఎలా పలుకుతోందో నన్ను అడగకు. మొన్న వానకి పెరట్లో కీచురాళ్ళు చెవులు తూట్లు పొడుస్తున్నాయని మీ అత్తయ్య తలుపులు మూసింది. నాకు వాన చప్పుడొక్కటే వినబడింది. నీ కొడుకుని కూర్చోబెట్టు. ఏ పెట్టె కొత్తదో వాడికి చెప్పకు. కళ్ళు మూసుకోమని, ఏది బాగుందో వేలు చూపించమను. వాడు దుప్పటి కిందదాన్ని చూపిస్తే నాకు ఫోన్ చెయ్యి. మీకు రాత్రయినా పర్లేదు, ఇక్కడ పొద్దు పొడిచే ఉంటుంది.

మీ మామయ్య