పాఠకుల ప్రశ్నలు: సూదీ దారం, పక్కనే కుక్కపిల్ల

ప్రశ్న: నాకు చేతి ఎంబ్రాయిడరీ, క్రోషా అల్లిక ఏళ్లుగా అలవాటు. ఈమధ్యే ఐదు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నాం. నేను పనికి కూర్చోగానే వచ్చి కాళ్ల దగ్గర చేరుతుంది, ఊలు ఉండ కనిపిస్తే నోట కరుచుకుని పారిపోతుంది. మొన్న జానెడు దారం మింగింది. మర్నాడు అది మలంతో బయటికి వచ్చేసింది. కుట్టుపనైనా మానమని, లేదా కుక్కను వేరే గదిలో కట్టేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ రెండూ అవసరం లేదు. అయితే మొన్న ఏ ప్రమాదమూ జరగలేదు కదా అని ఆ సంగతిని తేలికగా తీసుకోకండి. సూది విషయంలో అందరూ జాగ్రత్తపడతారు కానీ, దారం అంతకంటే పెద్ద ముప్పు తేగలదని చాలామందికి తెలియదు. మింగిన దారం ఒక కొస నాలుక మొదట్లోనో, జీర్ణాశయం చివరనో చిక్కుకుపోయి మిగిలిన భాగం పేగుల్లోకి జారితే, దాన్ని ముందుకు నెట్టే ప్రయత్నంలో పేగులే ఆ దారం వెంట ముడుచుకుపోతాయి. బట్టలో ఒక పోగు పట్టి లాగితే గుడ్డంతా కుచ్చులు పడుతుందని కుట్టేవారికి వేరే చెప్పనక్కరలేదు. కుక్క కడుపులో జరిగేదీ అదే. అలా బిగుసుకున్న దారం పేగు గోడను కోసేయగలదు, అప్పుడు శస్త్రచికిత్స తప్పదు. అందువల్ల నోటి నుంచి గానీ, మలద్వారం నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే ఎట్టి పరిస్థితిలోనూ లాగకండి. సూదితో సహా మింగితే ఇంట్లో వాంతి చేయించవద్దు, ఎందుకంటే తిరిగి పైకి వచ్చే దారిలో అది గొంతులో గుచ్చుకోవచ్చు. దారం మింగిందని తెలిసిన వెంటనే, వాంతులో, తిండి మానడమో మొదలయ్యేదాకా ఆగకుండా, పశువైద్యుణ్ణి సంప్రదించండి. ఎక్స్‌రేలో లోహపు సూది స్పష్టంగా కనిపిస్తుంది, దారం సాధారణంగా కనిపించదు. కనుక అది ఏ రకం దారమో, సుమారు ఎంత పొడవో మీరే చెప్పాలి. మిగిలిన రీలును వెంట తీసుకువెళ్లడం ఇంకా మంచిది.

ఇక నివారణ సంగతి. ఐదు నెలల వయసంటే 28 పాలపళ్లు రాలి, వాటి స్థానంలో 42 శాశ్వత దంతాలు వస్తున్న సమయం. చిగుళ్లు సలపడం వల్ల అది ఏదో ఒకటి నమలక మానదు. పైగా గంటల తరబడి మీ చేతిలో ఉన్న ఊలుకు మీ వాసన పట్టి ఉంటుంది. కాబట్టి మీరు కూర్చునే ముందు దానిని కాసేపు నడిపించి, ఆడించి, మీ కాళ్ల పక్కనే ఒక చాప పరిచి, నమలడానికి తగిన బొమ్మను దాని ముందు పెట్టండి. చాప మీద నెమ్మదిగా పడుకున్నప్పుడల్లా మెచ్చుకుని ఏదైనా తినిపించండి. ఉండను ఎత్తుకుపోతే వెంటపడకండి, అది దానికి ఆటగా మారుతుంది. ఇష్టమైన తిండి చూపించి, ఉండను వదిలించి తీసుకోండి.

పని మొదలుపెట్టేటప్పుడు ఎన్ని సూదులు తీశారో లెక్కపెట్టుకుని, ముగించాక అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. లెక్క తగ్గితే నేల మీద అయస్కాంతం తిప్పి వెతకండి, దొరికేదాకా కుక్కను ఆ గదిలోకి రానివ్వకండి. కత్తిరించిన దారపు కొసలను నేను మూత బిగించే గాజు సీసాలో వేస్తాను. మూతలేని చెత్తబుట్టలో వేసినవి కుక్కకు అందనట్టు కాదు.

ప్రశ్న: మా కుక్కకు ఒత్తైన తెల్లటి బొచ్చు. నల్ల బట్ట మీద క్రాస్ స్టిచ్ చేస్తుంటే వెంట్రుకలు కుట్టులో కలిసిపోతున్నాయి. రాలిన బొచ్చును పోగుచేసి నూలుగా వడకవచ్చని విన్నాను, నిజమేనా?

జవాబు: కుట్టు కింద ఇరుక్కున్న వెంట్రుకను లాగితే కుట్టు వదులవుతుంది కనుక, కూర్చున్న ప్రతిసారీ ముందుగా బట్టను శుభ్రం చేసుకోండి. జిగురు టేపును జిగురువైపు పైకి ఉండేలా వేళ్లకు చుట్టుకుని మెల్లగా అద్దితే చాలు. పని ఆపిన వెంటనే ఫ్రేమును గుడ్డసంచిలో పెట్టండి. రెండు పొరల బొచ్చున్న కుక్కలకు ఋతువులు మారేటప్పుడు లోపలి పొర విపరీతంగా రాలుతుంది. ఆ రోజుల్లో ఇంటి బయట రోజూ దువ్వితే సగం బాధ తీరుతుంది.

వడకవచ్చన్నది నిజమే. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలోని సేలిష్ ప్రజలు పూర్వం ఉన్ని కోసమే ప్రత్యేకంగా కుక్కలను పెంచి, ఆ బొచ్చుతో దుప్పట్లు నేసేవారు. దువ్వెనకు వచ్చే మెత్తటి లోపలి పొరనే ఎంచుకోండి. అది చాలా వెచ్చగా ఉంటుంది కానీ గొర్రె ఉన్నికి ఉండే సాగుడు గుణం దానికి లేదు, అందుకే రెండింటినీ కలిపి వడకడం మేలు.

ప్రశ్న: నేను అల్లిన ఊలు బొమ్మను మా కుక్కకు ఆడుకోవడానికి ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి. ఒక్క ముడి తెగితే అల్లికంతా ఊడి బారెడు దారమై పోతుంది, కళ్లకు కుట్టిన గుండీలు కూడా గొంతులోకి పోతాయి. మీ చేతిపని దానికి అందాలన్న కోరిక ఉంటే, దగ్గరగా నేసిన గట్టి నూలు బట్టతో, పూసలూ కుచ్చులూ లేకుండా, అంచులు రెండుసార్లు మడిచి కుట్టి ఒక పరుపు తయారుచేయండి. మొదటి కొద్దిరోజులు మీ కళ్లెదుటే వాడనిచ్చి, అంచులు కొరుకుతున్నదేమో గమనించండి.