‘అరెస్టు చూపించలేదు’ అంటే ఏమీ జరగనట్టేనా?

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. మా తమ్ముడికి 24 ఏళ్లు, ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. ఏడు నెలల కిందట పక్క గోడౌన్‌లో కాపర్ కేబుల్ పోయిందని ఒక సోమవారం రాత్రి తొమ్మిదింటికి పోలీసులు గదికి వచ్చి తీసుకెళ్లారు. మూడు రోజులు స్టేషన్‌లో ఉంచి అరికాళ్ల మీద కొట్టారు. తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని బుధవారం సాయంత్రం ఏడింటికి వదిలారు. కేసు లేదు, అరెస్టు చూపించలేదు. కేబుల్ తీసింది వేరేవాళ్లని తర్వాత తేలింది. పూటపూటకీ క్యారేజీ పట్టుకుని వెళ్లి, ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చుని ఏడ్చాను. టీ డబ్బులు ఫోన్‌పే చేస్తుంటే చేతులు వణికాయి. మా వారికి గంట గంటకీ మెసేజ్ పెట్టాను. అమ్మ అప్పటినుంచి గుమ్మం దాటడం లేదు. తమ్ముడి బండి, ఫోను ఇంకా స్టేషన్‌లోనే ఉన్నాయి, బండి ఈఎంఐ మాత్రం మేం కడుతున్నాం. పోయిన వారం ఒక హెడ్ కానిస్టేబుల్ తెలిసినాయన ద్వారా కబురు పంపాడు. ‘విచారణకు నా ఇష్టంతో వచ్చాను, ఎవరి మీదా ఫిర్యాదు లేదు’ అని తమ్ముడు సంతకం పెట్టి, పదిహేను వేలు ఇస్తే రెండూ ఇచ్చేస్తారట. ఎస్సైని సస్పెండ్ చేయించడం ఎలా? పరిహారం ఎంత వస్తుంది? తమ్ముడి చేత ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టిస్తే కదులుతారా? – ఒక అక్క, విశాఖపట్నం
(పేర్లు, స్టేషన్ వివరాలు తీసేశాం.)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. అందులో కేసును తేల్చేవి రెండే రెండు మాటలు. ఒకటి టీ కొట్లో చేసిన ఫోన్‌పే, రెండు మీ వారికి పెట్టిన మెసేజ్‌లు. వాటిని మీరు బాధ చెప్పుకోవడానికి రాశారు. నాకు మాత్రం ముందు కనిపించినవి అవే.

మంగళవారం రాత్రి తొమ్మిది దాటాక మీ తమ్ముడు స్టేషన్ లోపల ఉన్నాడా, లేడా? దీనికి జవాబు రుజువైతే మీకు కేసు ఉంది. కాకపోతే ఎస్సై ఎంత చెడ్డవాడైనా, మీ అమ్మగారు ఎంత కుంగిపోయినా కోర్టు చేయగలిగింది చాలా తక్కువ.

ఎందుకంటే, రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం పట్టుకున్న మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లాలి, ప్రయాణ సమయం ఒక్కటే మినహాయింపు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. మీకు కోర్టు ఊళ్లోనే ఉంది, ప్రయాణం సాకు చెల్లదు. ‘అరెస్టు చూపించలేదు కాబట్టి గడియారం మొదలే కాలేదు’ అని స్టేషన్‌లో అంటారు. చెల్లదు. కదలనివ్వకుండా ఆపిన క్షణం నుంచే లెక్క, కాగితం మీద రాసుకున్న గంట నుంచి కాదు. అనుమానితుణ్ని విచారణకు పిలవాలంటే 35(3) సెక్షన్ కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. సాక్షిగా పిలవాలన్నా 179 సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వే ఉండాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, వైద్య పరీక్ష చేయించాలి. డి.కె.బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన జాగ్రత్తల్లో చాలావరకు ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. నోటీసూ లేక, అరెస్టూ లేక, ‘ఊరికే కూర్చోబెట్టాం’ అనే మూడో పద్ధతి చట్టంలో ఎక్కడా లేదు.

సరే, వాళ్లు ఏం చెబుతారో ఇప్పుడే చెబుతాను. ‘సోమవారం పిలిచాం, గంటలో పంపేశాం. మంగళవారం, బుధవారం మళ్లీ తనే వచ్చాడు. రాత్రిళ్లు ఇంట్లోనే పడుకున్నాడు.’ దీన్ని పగలగొట్టేది మీ కన్నీళ్లు కాదు, గంటలూ నిమిషాలూ. అందుకే సోమవారం రాత్రి తాగిన టీ కన్నా బుధవారం పొద్దున తాగిన టీ మీకు విలువైనది.

ఫోన్‌పే చరిత్ర స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. బ్యాంకుకు వెళ్లి ఆ మూడు తేదీల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తెచ్చుకోండి. టీ డబ్బులు కట్టారంటే మీరు అక్కడ ఉన్నారని రుజువవుతుంది గానీ, తమ్ముడు లోపల ఉన్నాడని కాదు. ఆ లోటు మెసేజ్‌లు పూడుస్తాయి. ‘ఇంకా వదల్లేదు’ అని ఆ గంటలోనే రాసిన మాటకు, ఏడు నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిన పది పేజీలకన్నా బరువెక్కువ. మీ వారు కొత్త ఫోను కొనే ఆలోచనలో ఉంటే ప్రస్తుతానికి మానుకోమనండి, పాతది అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. అరికాళ్ల ఫొటోలు తీశారని రాశారు. తీసిన ఫోన్‌లోని అసలు ఫైలు కావాలి, వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీ కాదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు రాయిస్తారు. షాపు యజమాని హాజరు పట్టీలో మంగళ, బుధవారాలు గైర్హాజరు పడి ఉంటే ఆ పేజీ కాపీ అడగండి. టీ కొట్టు ఆయన్ని మాత్రం సాక్ష్యానికి లాగకండి. రోజూ ఆ గేటు ఎదురుగానే బతకాల్సిన మనిషి.

అన్నిటికన్నా పెద్ద సాక్షి స్టేషన్ కెమెరా. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గదితో సహా కెమెరాలు పెట్టాలనీ, రికార్డింగు 18 నెలలు దాచాలనీ, అంత నిల్వ సామర్థ్యం దొరక్కపోయినా ఏడాదికి తగ్గకూడదనీ చెప్పింది. కెమెరాలు పనిచేయని సంగతిని అదే కోర్టు 2025 సెప్టెంబరులో తనంతట తానే చేపట్టింది కూడా. అంటే ‘రిపేరులో ఉంది’ అనే జవాబు మీకూ రావచ్చు. వచ్చినా నష్టం లేదు, రాతలో రావాలి. గడువులోపు మీరు అడిగినట్టు కాగితం ఉండి, వాళ్లు ఫుటేజీ ఇవ్వలేకపోతే, అది వాళ్లకు వ్యతిరేకంగా ఉండేదని అనుకునే వీలు కోర్టుకు ఉంటుంది. మీరు అసలు అడగకపోతే ఆ వీలు లేదు.

ఇక్కడే మీ మీద నాకు కోపం. ఏడు నెలలు ఏం చేశారు? ఒక్క కాగితం కూడా ఎక్కడా ఇవ్వలేదు. వదిలిన రాత్రి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లి, పోలీసు దెబ్బలని చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కింద ఆసుపత్రి రాసే గాయాల నమోదు) రాయించాల్సింది. మీరు వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఆయింట్‌మెంట్ రాయించుకొచ్చారు, ‘పరువు పోతుందని’. ఇప్పుడు ఏ డాక్టరూ ఆ దెబ్బలకు సర్టిఫికెట్ ఇవ్వలేడు. ఒప్పించడానికి కొట్టడం ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం, నిజమే. కానీ మీ చేతిలో ఉన్న సాక్ష్యంతో ఫిర్యాదును దెబ్బలతో మొదలుపెట్టకండి. నిర్బంధం మీ బలం, అది ముందు రాయండి. దెబ్బలు తర్వాతి పేరాలో, ఫొటోలతో.

ఇంకొక అజాగ్రత్త. ఉత్తరంలో ఒకచోట ‘మూడు రోజులు’ అన్నారు. మీరే ఇచ్చిన గంటల ప్రకారం సోమవారం రాత్రి 9 నుంచి బుధవారం సాయంత్రం 7 వరకు 46 గంటలే. మూడు రోజులంటే శిక్ష పెరుగుతుందని ఎవరైనా చెప్పి ఉండొచ్చు. అవతలి లాయరుకు ఆ ఒక్క మాట చాలు, మిమ్మల్ని బోనులో అరగంట నిలబెట్టి మిగతాదంతా అబద్ధమనిపిస్తాడు. 46 గంటలు చట్టం ఒప్పుకున్నదానికి దాదాపు రెట్టింపు, దాన్ని పెంచాల్సిన పనేముంది?

ఇదే కారణంతో ఫేస్‌బుక్ వద్దు. కడుపుమంటతో మాట్లాడిన వీడియోలో ఒక గంట అటూ ఇటూ అయినా అది మీ తమ్ముడి మొదటి వాంగ్మూలం అయిపోతుంది. పరువు నష్టం కేసు అదనం.

ఇక అసలు ప్రమాదం ఆ హెడ్ కానిస్టేబుల్ పంపిన కాగితం. సంతకం పెట్టొద్దు. ఈఎంఐ భారం నాకు తెలుసు, అయినా పెట్టొద్దు. ‘నా ఇష్టంతో వచ్చాను’ అన్న మూడు మాటలు ఈ కేసులోని ఒకే ఒక్క ప్రశ్నకు పోలీసుల తరఫున మీ తమ్ముడే ఇచ్చే జవాబు. ఆ తర్వాత మీ ఫోన్‌పే, మెసేజ్‌లు, కెమెరా అన్నీ ఎందుకూ పనికిరావు. బండి కోసం కేసు అమ్ముకున్నట్టే. పదిహేను వేల సంగతి ఇంకా చెడ్డది. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవాడికే రక్షణ. ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) చెప్పడం వేరే దారి, ధైర్యం ఉంటే అదీ చేయండి.

బండికీ ఫోనుకీ చట్టంలో దారి ఉంది. పోలీసులు ఏ వస్తువు స్వాధీనం చేసుకున్నా మేజిస్ట్రేట్‌కు వెంటనే నివేదించాలి. సంహిత 503 సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో మీ తమ్ముడి పేరున పిటిషన్ వేయించండి. ఆర్‌సీ కాపీ, ఫోను బిల్లు, ఐఎంఇఐ నంబరు జతచేయాలి. సీజ్ చేసిన వాహనాలను స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టించొద్దని సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. దీనితో ఇంకో లాభం ఉంది. ‘బండి మీ దగ్గరకెలా వచ్చింది?’ అని కోర్టు పోలీసులను అడిగితే స్టేషన్ ఏదో ఒకటి రాసివ్వాలి. ఎఫ్ఐఆర్ లేదు, పంచనామా లేదు, బండి మాత్రం ఉంది. ఏ తేదీ రాసినా ఆ రాత మీకు పనికొస్తుంది. నేనైతే ఈ పిటిషన్‌తోనే మొదలుపెడతాను.

దాంతోపాటు పోలీస్ కమిషనర్‌కు మీ తమ్ముడి సంతకంతో ఫిర్యాదు పంపండి. తేదీలు, గంటలు, పేర్లు, అంతే, విశేషణాలు వద్దు. తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకున్నారన్నది, ఎన్నో గుర్తుంటే ఆ సంఖ్యతో సహా అందులోనే రాయాలి. రేపు ఆ కాగితం ఏ రూపంలో బయటికొచ్చినా ముందే చెప్పామని చూపించుకోవచ్చు. ఫుటేజీ చెరిపేయకుండా దాచమని విడిగా ఒక పేరా పెట్టండి. 46 గంటలూ అడగకండి, ‘మరీ ఎక్కువ’ అని తిప్పి పంపుతారు. గేటు కెమెరాలో సోమవారం రాత్రి తీసుకొచ్చిన గంట, మంగళవారం రాత్రి 9 నుంచి బుధవారం పొద్దున మీరు క్యారేజీ ఇచ్చిన సమయం దాకా, చివరికి వదిలిన గంట, ఇవి చాలు. అదే ముక్క సమాచార హక్కు దరఖాస్తుగానూ వేయండి, ఆ తేదీల జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ జరిగేది రాసే పుస్తకం) నకలుతో సహా. నిరాకరించినా నిరాకరణ కాగితం దాచుకోండి. అన్నీ స్పీడ్ పోస్టులో పంపి, రశీదులు ఒక ఫైల్లో పెట్టండి.

గడువులు ఇప్పుడు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏడాది దాటిన సంఘటన మీద విచారణ చేయదు. అక్రమ నిర్బంధానికి పరిహారం కోరే సివిల్ దావాకూ వదిలిన రోజు నుంచి ఏడాదే. దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలలు లెక్కలో మినహాయిస్తారు గానీ ఆ ధీమాతో కూర్చోకండి. మూడు రోజులకు తక్కువ నిర్బంధానికి క్రిమినల్ ఫిర్యాదు గడువూ మామూలుగా ఏడాదే. దానికి మళ్లీ ప్రభుత్వ అనుమతి కావాలన్న వాదన తప్పకుండా వస్తుంది, పై అధికారి నివేదిక కోసం మేజిస్ట్రేట్ ఆగాల్సి వస్తుంది. చాలా నెమ్మది దారి. అంటే మీకు మిగిలింది అయిదు నెలలు. ఫిర్యాదు కమిషనర్‌కు వెళ్లాక నెలలోపు కదలిక లేకపోతే మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లండి. రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు రెండిటికీ వేయొద్దు, ఒకటే ఎంచుకోండి. కమిషన్‌కు ఫిర్యాదు మీరే ఇవ్వొచ్చు. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం మీ హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. తమ్ముడు మేజరు, కమిషనర్‌కు ఇచ్చే ఫిర్యాదులో గానీ కోర్టు పిటిషన్‌లో గానీ అతని బదులు మీరు సంతకం చేయొద్దు.

పరిహారం ఎంత అంటే, అంకె చెప్పే లాయరును నమ్మకండి. రుదుల్ షా కేసు, 1983 నుంచి రిట్‌లో (హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో నేరుగా వేసే పిటిషన్‌లో) కూడా పరిహారం ఇప్పిస్తున్నారు. కానీ ఎవరు చెప్పింది నిజమో తేల్చాల్సి వస్తే హైకోర్టు ‘సివిల్ కోర్టుకు వెళ్లండి’ అనగలదు. ఫుటేజీ గానీ, స్టేషన్ స్వయంగా రాసిన కాగితం గానీ చేతికొస్తే అమరావతిలోని హైకోర్టుకు వెళ్లండి, లేకపోతే దావానే మేలు. ఎస్సై సస్పెన్షన్ శాఖ చేతిలో పని, మీరు వేసే కేసులో అది దొరికేది కాదు.

మిమ్మల్నీ అమ్మగారినీ స్టేషన్‌కు రమ్మంటున్నారని చివర్లో రాశారు. సాక్షిగా అయితే ఆడవాళ్లను ఇంటి దగ్గరే అడగాలి, వెళ్లక్కర్లేదు. తమ్ముడికి రాతలో నోటీసు వస్తే మాత్రం ఎగ్గొట్టకండి, లాయరుతో వెళ్లమనండి. ఆ హెడ్ కానిస్టేబుల్ మనిషి మళ్లీ కాగితం పట్టుకొస్తే చదువుకుంటామని చెప్పి ఫొటో తీసుకోండి, తేదీ గంట రాసి ఫైల్లో పెట్టండి.